పదమూడో ఇంజిన్

పన్నెండో ఇంజిన్‌ని కూడా మా ఆయన వద్దన్నారు.

ఆగస్టు నెల. శనివారం పొద్దున తొమ్మిది గంటలకే షార్జా స్క్రాప్ యార్డులో రేకుల కప్పు కింద నిలబడితే చెమట మోచేతుల మీదుగా కారుతోంది. ఆయన స్క్రూడ్రైవర్ మొనని నడుస్తున్న ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఒక నిమిషం విన్నారు. ఇంకో చోట ఆనించి ఇంకో నిమిషం విన్నారు. తరవాత నడుం ఎత్తి, "ఆపెయ్ భాయ్," అన్నారు.

"ఏమాయె సార్?" అన్నాడు ఖాదర్ హుస్సేన్. యార్డు అతను చూసుకుంటాడు. రాయచోటి మనిషి. పదహారేళ్ళుగా ఇక్కడ పాత ఇంజిన్లు అమ్ముతున్నాడు.

"మూడో సిలిండర్ దగ్గర చిన్న టకటక ఉంది. బేరింగు."

"నాకు ఇనపడల్యా."

"నాకు వినపడింది. ఖలాస్, వద్దులే."

ఖాదర్ హుస్సేన్ నా వైపు తిరిగాడు. "సూడమ్మా. సార్ పెండ్లిసూపులకి పోయినప్పుడు గూడా ఇట్లనే సేసుంటే ఈ జన్మలో పెండ్లి అయ్యేది గాదు."

"అప్పుడు చెవి పెట్టి వినలేదు భాయ్. అందుకే ఇలా అయింది," అన్నారు ఈయన.

ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే ఆయన మా కారు దగ్గరికి వచ్చి, తలుపు పిడి కోసం రెండుసార్లు రేకు మీద తడిమి, మూడోసారికి పట్టుకున్నారు. నేను చూడనట్టు అద్దం సర్దుకున్నాను.

ఇరవై రెండేళ్ళు దుబాయ్‌లో కారు తోలింది ఆయనే. నేను నాలుగుసార్లు టెస్టు తప్పి ఐదోసారికి లైసెన్సు తెచ్చుకున్న రోజున, "ఇవాళ్టి నుంచి ఎవరూ బయటికి రాకండి," అని తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పారు. ఇప్పుడు ఆ లైసెన్సే మమ్మల్నిద్దర్నీ తిప్పుతోంది. రంజాన్ నెలలో ఒక రోజు ఆయన మా బిల్డింగ్ బేస్‌మెంటులో స్తంభాన్ని గుద్దారు. అది పద్నాలుగేళ్ళుగా అక్కడే ఉన్న స్తంభం. పైకి వచ్చి తాళాలు వంటింటి గట్టు మీద పెట్టి, "ఇంక నువ్వు తోలు కామాక్షీ," అన్నారు. అంతే. ఆ తరవాత దాని గురించి మేం మాట్లాడుకోలేదు.

నీటికాసులు. డాక్టరు గ్లకోమా అని దాని ఇంగ్లీషు పేరు చెప్పినప్పుడు నాకు భయం వేయలేదు. మా అమ్మమ్మ నోట విన్న ఈ తెలుగు మాట గుర్తొచ్చాక వేసింది. ఈ జబ్బులో చూపు పక్కలనుంచి మూసుకుంటూ వస్తుంది. మాకు తెలిసేసరికే ఎడమ కన్ను పోయింది. కుడి కంటితో ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఏమవుతుందని అడిగాను. "నెమ్మదిగా పోతుంది," అన్నాడు డాక్టరు. మానేస్తే? "త్వరగా పోతుంది."

ఆయన లైసెన్సు గడువు నవంబరు ఇరవై నాలుగు. మళ్ళీ ఇవ్వాలంటే కళ్ళ పరీక్ష పాసవ్వాలి. పాసవ్వరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ తేదీలోపల తను బిగించుకుంటున్న ఆ కారుని ఒక్కసారి, ఒక్క గంట, తన చేతులతో తోలాలి. మా ఆయనకి ఉన్న కోరికల్లా అదే. లైసెన్సు లేనివాళ్ళని రేస్ ట్రాక్ మీదికి రానివ్వరు.

ఆ కారు గురించి చెప్పాలి.

కరోనా కొంచెం తెరిపినిచ్చిన ఏడాది ఇంగ్లండ్ నుంచి చెక్కపెట్టెల్లో వచ్చింది. ఇనప గొట్టాలతో అతికిన చట్రం, ఫైబర్ రేకులు, చక్రాలు, స్టీరింగు, రెండు సీట్లు. తలుపుల్లేవు, టాపు లేదు. అన్నీ మనమే బిగించుకోవాలి. ఇంజిన్ మాత్రం వాళ్ళివ్వరు, మన ఇష్టం వచ్చింది మనం వెతుక్కోవాలి. పెళ్ళికి అన్నీ కుదిరాయి, పెళ్ళికొడుకు తప్ప, అన్నట్టుంది అన్నాను. ఆయన నవ్వలేదు. కాగితం మీద అప్పటికే లెక్కలు మొదలెట్టారు.

మా మామగారికి విజయవాడ ఆటోనగర్లో లేత్ షెడ్డు ఉండేది. లారీ ఇంజిన్లకి బోరింగు చేసేవారు. ఈయన సెలవులన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. పెద్దయి ఏసీ డక్టులు డిజైన్ చేసే ఇంజినీరు అయ్యారు. ముప్ఫయ్యేళ్ళు గాలి గొట్టాల బొమ్మలు గీశారు. ఎవరింటికి వెళ్ళినా ఏసీ చప్పుడు విని దాని జబ్బు చెప్పేవారు. ఇంటివాళ్ళ జబ్బు ఎప్పుడూ అడిగేవారు కాదు.

చట్రాన్ని దక్షిణామూర్తిగారి షెడ్డులో పెట్టారు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఆయనకి డక్టులు చేసే చిన్న వర్క్‌షాపు ఉంది. రాజమండ్రి ఆయన. నేను వెళ్ళినప్పుడల్లా, "చెల్లెమ్మా, మీ పందిరిమంచం ఎప్పుడు తీస్తారు? మావాళ్ళు మధ్యాహ్నం దాంట్లో పడుకుంటున్నారు," అనేవారు. నిజంగానే ఆ గొట్టాల చట్రం దోమతెర లేని పందిరిమంచంలాగే ఉండేది.

ఏ ఇంజిన్ పెట్టాలన్నది మా ఇంట్లో రెండేళ్ళు నడిచింది. భోజనాల బల్ల మీద ఆయన చెప్పగా చెప్పగా నాకూ సగం వచ్చేసింది. మోటారు సైకిల్ ఇంజిన్ పెడితే బరువే ఉండదు, కారు ఎగిరిపోతుంది, కానీ దానికి రివర్సు ఉండదు, క్లచ్చు మొరటుగా ఉంటుంది. ఇక్కడి కుర్రాళ్ళు ఇష్టపడే అమెరికా ఎనిమిది సిలిండర్లది పెడితే శబ్దం బాగుంటుంది, కానీ ముందు బరువెక్కువైపోతుంది.

"కావడి ఒక కుండలోనే నీళ్ళు పోస్తే ఏమవుతుంది?" అని అడిగారు ఒకసారి.

"ఒక పక్కకి ఒరుగుతుంది."

"అదే. మలుపులో మూతి తిరగదు. తిన్నగా పోయి గోడకి కొట్టుకుంటుంది. మొత్తం కారు ఐదువందల యాభై కిలోలు ఉంటే, అందులో ఒక్క ఇంజిన్ రెండు వందలుంటే ఎట్లా?"

చివరికి ఆయన మనసు ఒక దాని మీదే నిలిచింది. పాత టయోటా పదహారు వందల సీసీది. తేలిక, గట్టిది, గేర్‌బాక్సుతో సహా పొడుగ్గా కూర్చునే రకం, వెనక చక్రాలని తిప్పేది. ఈ చట్రానికి కోత లేకుండా సరిగ్గా సరిపోతుంది. కానీ దాని తయారీ ఆగిపోయి ముప్ఫయ్యేళ్ళు దాటింది. దొరికినవాటిలో ఒకదానికి పగులు, ఒకదానికి తుప్పు, ఒకదానికి టకటక.

పన్నెండోది వద్దన్న రోజు ఇంటికి వచ్చాక నేను ఊరుకోలేకపోయాను.

"మీరు ఇంజిన్ కోసం వెతకడం లేదు. వద్దనడానికి వెతుకుతున్నారు."

"టకటక ఉన్నదాన్ని తీసుకోమంటావా?"

"నవంబరులోపల నడవాలన్నది మీరే. టకటకతో నడవదా?"

"నడుస్తుంది. ఏడాదికి పోతుంది."

"ఏడాది..." అని ఆగిపోయాను. ఏడాది చాలదా అనబోయాను. అనలేదు గానీ ఆయనకి వినపడింది. ఇంజిన్ లోపలి టకటక వినే మనిషికి నేను మింగిన మాట వినపడకుండా ఉంటుందా?

"నాతోపాటు పోయేది నాకెందుకు కామాక్షీ?" అన్నారు. "నేను చూడలేని రోజున కూడా అది నడవాలి. నేను పక్క సీట్లో కూర్చుంటాను. ఎవరో ఒకరు తోలుతారు. శబ్దం బాగుంటే చాలు."

నేను మజ్జిగన్నం కలిపి ఆయన ముందు పెట్టి, కంచం అంచు మీద ఆయన వేలు తగిలించాను.

మా అమ్మాయి ఆమని అబుదాబిలో ఉంటుంది. దానికి ఈ కారంటేనే మంట.

"నువ్వయినా చెప్పమ్మా. ఒక్క కన్నుతో, అదీ సగం కన్నుతో, ఆ బండి తోలతాడా నాన్న? నీకేమన్నా పిచ్చా?"

"ఎదురొచ్చేవాళ్ళు ఉండరటే. చిన్న ట్రాక్. గంట సేపు మనకొక్కళ్ళకే ఇస్తారుట. ఒక వైపే పోవాలి, తిన్నగా చూస్తే చాలు అంటున్నారు మీ నాన్న."

"గోడలుంటాయి కదమ్మా."

పొయ్యి మీద పాలున్నాయని ఫోన్ పెట్టేశాను.

సెప్టెంబరు మధ్యలో ఖాదర్ హుస్సేన్ ఫోన్ చేశాడు. జపాన్ నుంచి హాఫ్ కట్ల కంటైనర్ దిగింది. అక్కడ పాత కార్లని సగానికి కోసి ముందు భాగం పంపుతారు, ఇంజిన్ గేర్‌బాక్సు ఊడదీయకుండా వస్తాయి. అందులో ఆయన అడిగిన రకం ఒకటుంది.

ఆదివారం వెళ్ళాం. సగం తెల్లకారు నేల మీద ముక్కు ఎత్తుకుని కూర్చుంది. బ్యాటరీ తగిలించి తిప్పితే రెండోసారికే అందుకుంది. ఆయన స్క్రూడ్రైవర్ ఆనించారు. ఒక నిమిషం. ఇంకో చోట. ఇంకో చోట. కళ్ళు తెరవలేదు. నేను వాచీ చూశాను, పదకొండు నిమిషాలు. ఖాదర్ హుస్సేన్ బీడీ ముట్టించుకుందామని తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆయన నన్ను పిలిచి స్క్రూడ్రైవర్ పిడి నా చెవికి పెట్టారు.

"ఏం వినపడుతోంది?"

"చప్పుడు."

"ఎలాంటి చప్పుడు?"

"కుట్టుమిషనులాగా," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా భాయ్! మా ఆవిడకి కూడా తెలిసిపోయింది. కుట్టుమిషను!"

అయినా అప్పటికప్పుడు మాట ఇవ్వలేదు. ఆయన పద్ధతి అది. ఇంటికి వచ్చి, భూతద్దం పెట్టుకుని, పెద్ద అక్షరాలతో బరువుల లెక్క మళ్ళీ రాసుకున్నారు. దక్షిణామూర్తిగారికి ఫోన్ చేశారు. కోత పని లేదు కాబట్టి ఆరు వారాల్లో బిగించి నడిపిస్తానన్నారాయన. ఆరు వారాలంటే నవంబరు మొదటి వారం. ఆ రోజంతా ఆయన ఇల్లంతా తిరుగుతూనే ఉన్నారు. కుర్చీకి రెండుసార్లు తగులుకుని కూడా కుర్చీనేం అనలేదు. ట్రాక్ మీద వేసుకోవడానికి ఇద్దరికీ పల్చటి బూట్లు కావాలన్నారు, పాదానికి పెడలు తెలియాలిట. "నాకు బూట్లెందుకండీ," అన్నాను. "కొనుక్కో, పక్క సీటు నీదే," అన్నారు.

సోమవారం పొద్దున ఏడు గంటలకి ఆయన కంట్లో మందు వేశాను. వేశాక ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన వేలితో నొక్కి పట్టుకోవాలి. సోఫాలో తల వెనక్కి వాల్చి అలాగే కూర్చున్నారు. బల్ల మీద ఆయన ఫోన్ మోగింది. వాయిస్ మెసేజి. నేను నొక్కాను. ఖాదర్ హుస్సేన్ గొంతు, వెనక క్రేను చప్పుడు.

"సార్, సలామలేకుం. ఘానా పార్టీ నిలబడి ఉండాడు, హాఫ్ కట్లు మొత్తం అడుగుతాండాడు. కంటైనర్ నింపుతాండారు. మీకు పెట్టేదా, ఇడిసేదా? ఒక్క మాట సెప్పండి సార్."

"ఖలాస్ అని పెట్టు," అన్నారాయన కళ్ళు తెరవకుండా.

ఈ మాట గురించి చెప్పకపోతే తరవాతది అర్థం కాదు. ఇక్కడ అందరి నోట్లోనూ ఉండే మాట అది. ఆయన ఆఫీసులో డ్రాయింగు ఒప్పుకుంటే ఖలాస్. కాంట్రాక్టరుతో మాట కుదిరితే ఖలాస్. పని ముగిసింది, ఖాయం, ఇంక మారదు. మా ఇంట్లో కూడా అంతే. కూర అయిందా అంటే ఖలాస్. కానీ రాయచోటిలోనైనా, మా విజయవాడలోనైనా ఆ మాటకి అర్థం ఒక్కటే. మనిషి ఖలాస్ అంటే పోయాడని. స్క్రాప్ యార్డులో బేరం ఖలాస్ అంటే తెగిపోయిందని. రెండేళ్ళుగా ఖాదర్ హుస్సేన్ ఆయన నోటి నుంచి విన్న ఖలాస్‌లన్నీ ఆ రకంవే. పన్నెండు ఇంజిన్లకి పన్నెండుసార్లు. ఖలాస్, వద్దులే.

ఇరవై రెండేళ్ళు ఇక్కడ ఉన్నదాన్ని. ఇదంతా నాకు తెలుసు. ఫోన్ చేతిలో పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో ఖలాస్ అని కొట్టాను. కొట్టాక ఒక క్షణం ఆగాను. ఎందుకు ఆగానో అప్పుడు తెలియలేదు. ఇంకో మాట ఏదో కావాలనిపించింది. లోపల కుక్కరు మూడో విజిల్ వేసింది. స్కూలు బస్సు ఏడున్నరకి, నేను స్కూలు లైబ్రరీలో పని చేస్తాను. పంపేశాను.

వెంటనే అవతలి నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది.

"పెట్టాడా?" అన్నారాయన.

"సరే అన్నాడు."

బుధవారం మధ్యాహ్నం ఇంజిన్ తేవడానికి దక్షిణామూర్తిగారి పికప్ యార్డుకి వెళ్ళింది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆయన హాల్లో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నారు. స్పీకర్‌లో ఖాదర్ హుస్సేన్ గొంతు.

"సార్, మీరే గదా ఖలాస్ అంటిరి. నా ఫోన్లో ఉండాది సార్. వద్దనుకున్నారని ఘానావోనికి ఇచ్చేస్తి. నిన్న పొద్దున్నే కంటైనర్ సీల్ ఏసి పోర్టుకి పంపిచ్చిరి. సార్? సార్, ఇనపడతాందా?"

"వినపడుతోంది భాయ్."

"నేను ఇంగోసారి ఫోన్ సేసుంటే బాగుండె. అల్లా తోడు సార్, మీరు మళ్ళా వద్దంటిరి అనుకుంటి. మీరు యాపొద్దైనా కావాలన్నారా సార్? నాకెట్ల తెలస్తాది?"

ఈయన సోఫా వీపు కోసం తడిమి పట్టుకున్నారు. తరవాత, "నిజమే భాయ్," అన్నారు. "నీ తప్పు లేదు."

ఫోన్ పెట్టేశారు. నా బ్యాగు ఇంకా భుజానే ఉంది.

"నేను ఇంకో మాట రాయాల్సింది," అన్నాను.

"చెప్పింది నేనే కదా."

"చెప్పింది మీరే. రాసింది నేను. పంపేముందు ఆగానండీ. ఆగి కూడా పంపాను."

"ఒక్క మాట అడిగాడు, ఒక్క మాట చెప్పాం. ఊరుకో."

తిట్టి ఉంటే బాగుండేది. ముప్ఫై ఏళ్ళలో ఉప్పు ఎక్కువైనందుకు, తువ్వాలు తడిగా ఉన్నందుకు, రిమోట్ చోటు మార్చినందుకు తిట్టారు. దీనికి తిట్టలేదు. తడుముకుంటూ వెళ్ళి పడకగదిలో పడుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. కుక్కరు గురించి, బస్సు గురించి చెబుదామనుకున్నాను. గోడలుంటాయి కదమ్మా అన్న ఆమని మాట నా చెవిలో ఉండగానే ఆ మెసేజి పంపానా? అప్పుడు నా మనసులో అది ఉందా, లేదా? ఆయన అడగలేదు. ఆమని కూడా అడగలేదు. నన్ను నేను అడుక్కుంటే, లేదనే జవాబు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఇంకో క్షణం ఆగి చూస్తాను. ఇంకేమీ రాదు. లేదనేదే మళ్ళీ వస్తుంది. దాన్ని నమ్మడానికి నాకు ధైర్యం చాలదు.

దక్షిణామూర్తిగారు ఫోన్ చేశారు. ఎప్పటి పరాచికాలు లేవు. "చెల్లెమ్మా, ఆ రకం ఇంకోటి దొరికితే సరే. ముందు చక్రాలు తిప్పే ఇంజిన్ అయితే చట్రం కోయాలి, గేర్‌బాక్సు మార్చాలి, మౌంట్లు కొత్తగా వెల్డింగు చెయ్యాలి. నిద్ర మానుకుని చేసినా జనవరి."

"జనవరి అయితే జనవరి అన్నయ్యగారూ."

ఆయనకీ తేదీ తెలుసు. "అలాగేనమ్మా," అన్నారు.

మళ్ళీ శనివారం వచ్చింది. పొద్దున్నే నేను తయారై హాల్లో కూర్చున్నాను. ఆయన లుంగీలోనే ఉన్నారు.

"ఎక్కడికి?"

"యార్డుకి. వేరే మూడు ఉన్నాయన్నాడు ఖాదర్ హుస్సేన్. వెళ్ళి చూద్దాం."

"ఎందుకు?"

"చట్రం ఉంది కదండీ. మీరే అన్నారు, పక్క సీట్లో కూర్చుంటానని. ఎవరో ఒకరు తోలుతారని."

ఆయన నా వైపు తిరిగారు. నేను ఎక్కడున్నానో పట్టుకోవడానికి మొహం అటూ ఇటూ కదిపి, గొట్టంలోకి నన్ను తెచ్చుకుని, చూశారు. "సరే," అని లేచి ప్యాంటు వేసుకున్నారు. నా కోసమే వేసుకున్నారు. ప్యాంటు బెల్టు ఒక చోట లూపు తప్పింది. నేను సరిచేశాను.

యార్డులో ఖాదర్ హుస్సేన్ ఎదురొచ్చాడు. చేతులు తుడుచుకుంటూ, మా ఇద్దరి మొహాలూ చూడలేక పక్కకి చూస్తున్నాడు. చిక్కటి కరక్ చాయ్ తెప్పించాడు. "సార్, మూడూ మంచివే. స్టార్ట్ సేసి ఇనిపిస్తా. ఈ పొద్దు ఎంత సేపైనా ఇనండి సార్, నేనేమీ ఎగతాళి సెయ్యను."

"అక్కర్లేదు భాయ్."

"ఒక్కసారి ఇనండి సార్."

"నేను ఇక్కడ కూర్చుంటాను," అన్నారు. పాత టైర్లు పేర్చి ఉన్న చోట కాలితో తడిమి కూర్చున్నారు. స్క్రూడ్రైవర్ తేలేదు. "కామాక్షీ, నువ్వు చూసి చెప్పు."

"నాకేం తెలుసండీ?"

"ఏదో ఒకటి చెప్పు."

"టకటక ఉంటే?"

"ఉండనీ."

"మీరు అలా అనకండి. పన్నెండు వద్దన్నారు. ఒక్క కిలో ఎక్కువైతే రాత్రంతా లెక్కలు వేసేవారు. లేవండి. ఒకసారి వినండి. మీకు నచ్చకపోతే నాలుగోది వెతుకుదాం, ఐదోది వెతుకుదాం."

"వద్దనడం అయిపోయింది నాకు. ఇంక దేన్నీ వద్దనను. వెళ్ళు, ఎండెక్కుతోంది."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బతిమాలేదాన్ని. ఆఫీసులో ఎవరో పంపిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేటప్పుడు మనుషులు అలా మాట్లాడతారు.

నేను ఖాదర్ హుస్సేన్ వెంట నడిచాను. మూడు ఇంజిన్లు మూడు పాత టైర్ల మీద కూర్చుని ఉన్నాయి. నల్లటి నూనె మరకలు. ఒకదానికి ఎర్ర సుద్దతో అంకె రాసి ఉంది.

"ఏది మంచిది ఖాదర్ భాయ్?"

"నేను అమ్మేవాణ్ణి గదమ్మా, అన్నీ మంచివే అంటాను. అది సార్ చెవి సెప్పాల."

"అన్నీ ఒకసారి తిప్పండి."

తిప్పాడు. అతని స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని మొదటిదాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. ఆయనలాగే కళ్ళు మూసుకున్నాను. చప్పుడు. రెండోదాని మీద ఆనించాను. అదే చప్పుడు. మూడోది. అదే. ఎక్కడో టకటక ఉండే ఉంటుంది. ఉన్నా నాకు తెలియదు. కుట్టుమిషనులాగా ఉందా అని వెతికాను. ఏదీ దేనిలాగా లేదు. ఒక్కసారి వెనక్కి చూశాను, ఆయన ఇటు తల తిప్పి వింటున్నారేమోనని. ఆయన చాయ్ కప్పు మోకాలి మీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న రేకు గోడ వైపు మొహం పెట్టి కూర్చున్నారు. మూడు ఇంజిన్లూ ఒకదాని తరవాత ఒకటి అరిచి ఆగిపోయాయి. ఆయన తల కదల్లేదు.

"మధ్యది," అన్నాను.

"ఎందుకమ్మా?" అన్నాడు ఖాదర్ హుస్సేన్. ఊరికే అడిగాడు.

"తెలీదు."

అతను సుద్దముక్క తీసి దాని మీద మా ఆయన పేరు ఉర్దూలో రాశాడు. ఆ పేరు పొడుగు. బాలసుబ్రహ్మణ్యం. ఇంజిన్ మూతి మీద పట్టక రెండు వరసలయింది. రాయడం అయ్యాక, "దీన్ని ఇంగెవరికీ ఇయ్యను," అన్నాడు. "కావాలన్నారా, వద్దన్నారా అని పదిసార్లు అడుగుతాను."

తిరిగి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను.

"చూశాను. ఒకటి చెప్పాను."

"ఊఁ."

చెయ్యి అందించాను, లేచారు. ఖాదర్ హుస్సేన్‌కి అతను ఉన్న వైపు కాక కొంచెం పక్కకి సలామ్ పెట్టారు. అతను రెండడుగులు జరిగి ఆ సలామ్ ముందుకి వచ్చి నిలబడి అందుకున్నాడు.

కారు ఎమిరేట్స్ రోడ్డు ఎక్కింది. ఎండకి ముందు అద్దం తెల్లగా మెరుస్తోంది. ఏది ఎంచావు అని అడుగుతారని చూశాను. సిలిండర్లెన్ని, ఎన్ని కిలోలు, ఏ కంపెనీ. సమాధానం కూడా తయారుగా పెట్టుకున్నాను. తప్పుగా చెప్పినా ఆయన సరిదిద్దుతారు, సరిదిద్దడానికైనా నోరు తెరుస్తారు. అల్ ఖవానీజ్ మలుపు దాటింది. ఒంటెల బోర్డు దాటింది. ఇసుక లారీలు మా పక్కనుంచి పెద్ద చప్పుడుతో పోతున్నాయి. వాటిలో ఏ లారీకి ఏ జబ్బుందో ఒకప్పుడైతే ఒక్కొక్కటే చెప్పేవారు.

"మంచినీళ్ళున్నాయా?" అన్నారు.

సీసా తీసి కుడి చేత్తో ఆయన వైపు చాపాను. ఆయన చెయ్యి దానికి ఒక జానెడు ఇవతల గాలిలో తెరుచుకుని ఆగింది. నేను రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, సీసా ఆయన వేళ్ళకి తగిలేదాకా జరిపి, పట్టుకునేదాకా వదలకుండా ఉన్నాను.